ఫైలు మేత

ఆఫీసు పెట్టడానికి ఏమేం కావాలో మా మనవరాలు ఒక కాగితం మీద రాసుకొచ్చింది. కోర్టుకి దగ్గర్లో గది, అద్దె 8,000. గుమాస్తా జీతం 12,000. కరెంటు, ఇంటర్నెట్ కలిపి 2,500. పాత తీర్పులు వెతుక్కునే సాఫ్ట్‌వేర్‌కీ పుస్తకాలకీ 2,500. పెట్రోలు 3,000. టైపు, జిరాక్సు, కాగితాలు 2,000. కూడితే నెలకి 30,000.

"అంతేగా తాతయ్యా! ఆ పైన ఎంతొస్తే అంతా మిగులే" అంది.

నాకు లా రాదు. కాలేజీలో లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి. అయినా ఆ కాగితం చూడగానే అందులో ఒక పద్దు తప్పిపోయిందని తెలిసిపోయింది.

"అసలు ఖర్చు రాయలేదేమిటే అమ్మలూ?"

"అన్నీ రాశానుగా. ఇంకేముంది?"

"నీ గంటలు."

నవ్వింది. గంటలకి అద్దె కట్టక్కర్లేదు కదా అని. కట్టక్కర్లేదు కాబట్టే అవి లెక్కలోకి రావు, అక్కడే వస్తుంది చిక్కు. కిరాణా కొట్టువాడికి సరుకు అరలో కనిపిస్తుంది. తగ్గితే తెచ్చి పెడతాడు. వకీలు అమ్మేది పొద్దున్న పది నుంచి సాయంత్రం దాకా తన బుర్ర. అది ఎంత అమ్ముడుపోయింది, ఎంత ఊరికే పోయింది అన్నది రాసి పెట్టుకుంటే తప్ప తెలియదు.

నిజానికి ఈ వృత్తిలోకి అడుగు పెట్టడానికి అయ్యే సర్కారీ ఖర్చు చాలా తక్కువ. అడ్వొకేట్స్ యాక్ట్ 1961 ప్రకారం పేరు నమోదుకి రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి 150, మొత్తం 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి 125. రకరకాల పేర్లు చెప్పి చాలా రాష్ట్రాల్లో వేలకి వేలు వసూలు చేస్తుంటే, చట్టంలో రాసిన దానికి మించి ఒక్క రూపాయి తీసుకోవడానికి వీల్లేదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి తలుపు దగ్గర పెద్ద ఖర్చు లేదు. ఖర్చంతా లోపలికి వెళ్లాకే.

సరే, ముందు తేలిక లెక్క. భిన్నాలు గుణించడం వస్తే చాలు.

రోజుకి పది గంటలు కష్టపడతావనుకో. కోర్టు హాల్లో కాచుకోవడం, ఊరికే సలహా కోసం వచ్చేవాళ్లతో మాట్లాడటం, బార్ అసోసియేషన్‌లో కబుర్లు, ఇవన్నీ పోగా క్లయింటు డబ్బివ్వదగ్గ పని అందులో సగం, అంటే అయిదు గంటలు. ఆ అయిదింట్లో కూడా పెదనాన్న గారి పొలం గొడవ, నీతో చదువుకున్నవాళ్ల అద్దె తగాదా లాంటివి ఉంటాయి. వాటికి ఫీజు అడగలేవు. అయిదింట నాలుగు వంతులకే ఫీజు చెబుతావు. అది నాలుగు గంటలు. చెప్పిన ఫీజంతా చేతికి వస్తుందా? "గెలిచాక చూసుకుందాం అమ్మా" అని నవ్వేవాళ్లు ఉంటారు. నాలుగింట మూడు వంతులు వచ్చిందనుకుంటే మూడు గంటలు. అందులో సగం నీ 30,000 కిందికి పోతుంది. మిగిలింది గంటన్నర.

"సగం ఖర్చులకే పోతుందని నువ్వెలా అనుకున్నావు?"

"నేననుకోలేదు, ఆదాయపు పన్ను వాళ్లనుకున్నారు. 2016 బడ్జెట్లో వకీళ్లకీ డాక్టర్లకీ ఒక వెసులుబాటు పెట్టారు. ఒక హద్దు లోపు రాబడి ఉన్నవాళ్లు ఖర్చులు విడివిడిగా చూపక్కర్లేదు. రాబడిలో సగం ఆదాయం కింద చూపించి పన్ను కట్టేస్తే చాలు. అంటే మిగతా సగాన్ని ఖర్చుగా ఒప్పుకున్నట్టే కదా."

పది గంటల కష్టానికి గంటన్నర మిగిలింది. దీన్ని పెంచాలంటే ఎవరైనా ముందు చేసే పని ఇంకో రెండు గంటలు ఎక్కువ కూర్చోవడం. చేసి చూద్దాం. పన్నెండు గంటలకి ఆరు, అందులో నాలుగు ముప్పావు చిల్లర, వసూలయ్యేది మూడున్నర పైన. ఖర్చు పెరగలేదు కాబట్టి పాత గంటన్నరే తీసేస్తే మిగిలేది రెండు గంటల ఆరు నిమిషాలు. ఇప్పుడు ఇంకోలా చూడు. పది గంటలే పని చెయ్యి, కానీ చెప్పిన ఫీజు పూర్తిగా రాబట్టుకో. నాలుగు గంటల డబ్బూ చేతికొస్తుంది, ఖర్చు పోను మిగిలేది రెండున్నర. రెండు గంటలు ఎక్కువ కూర్చున్నదానికంటే ఇదే ఎక్కువ. రాత్రిళ్లు మేలుకుని కళ్లు పాడుచేసుకునే బదులు వకాలత్నామా మీద సంతకం పెట్టించుకునేటప్పుడే ఫీజు సంగతి స్పష్టంగా మాట్లాడుకోవడం నయం. మన వాళ్లకి అదే మొహమాటం.

పైగా బాకీ పడ్డ క్లయింటు దగ్గర పట్టు కూడా ఉండదు. ఫీజు ఇచ్చేదాకా కాగితాలు ఇవ్వనని ఫైలు బీరువాలో దాచుకునే హక్కు వకీలుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది, ఆర్.డి. సక్సేనా కేసులో. క్లయింటు వచ్చి ఫైలడిగితే ఇచ్చెయ్యాల్సిందే. తరవాత బాకీ కోసం దావా వేసుకోవాలి. వకీలు తన ఫీజు కోసం తానే వాదిగా కోర్టుకెక్కితే ఆ ఊళ్లో మళ్లీ ఎవరొస్తారు?

గంటలు రాసి పెట్టుకోవడం మొదలుపెట్టిన మహానుభావుడు అమెరికాలో బోస్టన్ నగరపు వకీలు రెజినాల్డ్ హీబర్ స్మిత్. ఈయన మొదట పేదలకి ఉచిత న్యాయసహాయం చేసే సంఘంలో పనిచేశాడు. అక్కడ డబ్బు తక్కువ, కేసులు ఎక్కువ. ఒక్కో కేసుకి నిజంగా ఎంత ఖర్చవుతుందో తెలిస్తే తప్ప గడవదు. 1919లో ఒక పెద్ద సంస్థలో చేరాక ఆ అలవాటునే అక్కడ పెట్టాడు. గంటని పది ముక్కలు చేసి, ఆరేసి నిమిషాల చొప్పున ఎవరే పని చేశారో చీటీల మీద రాయించాడు. ఖర్చు తెలుసుకోవడానికి పుట్టిన చీటీ అది. పోను పోను అదే క్లయింటుకిచ్చే బిల్లయి కూర్చుంది. 1958లో అమెరికన్ బార్ అసోసియేషన్ ఒక చిన్న పుస్తకం వేసి, డాక్టర్లూ పళ్ల డాక్టర్లూ మనకంటే ఎక్కువ సంపాదిస్తున్నారు, ఎందుకంటే మనం గంటలు రాసుకోవడం లేదు అని వకీళ్లందరికీ బోధ చేసింది. ఓవర్‌టైము లేకుండా పనిచేసేవాడికి ఏడాదిలో ఫీజు తెచ్చే గంటలు దాదాపు 1,300 ఉంటాయని ఆనాడు వాళ్లు వేసిన అంచనా. ఇప్పుడు అక్కడి పెద్ద సంస్థల్లో కుర్ర వకీళ్లని 1,900, 2,000 గంటలు చూపించమంటున్నారు. వాళ్ల పిల్లలు వాళ్లని ఎప్పుడు చూస్తారో మరి.

కానీ మన జిల్లా కోర్టు వకీలుకి ఈ అమెరికా చీటీ సరిగ్గా అతకదు. మన దగ్గర గంటకింత అని ఎవరూ ఇవ్వరు. దావా మొత్తానికి ఇంత అని మాట్లాడుకుంటారు, అందులో పెద్ద వాటా మొదట్లోనే ఇచ్చేస్తారు. ఆ తరవాత దావా మూడేళ్లు నడిచినా, ఏడేళ్లు నడిచినా వకీలు ప్రతి వాయిదాకీ వెళ్లాల్సిందే. ఇది పాడి గేదె బేరానికి తిరగేసిన వ్యవహారం. ఈ గేదె పాలన్నీ ఇంటికొచ్చిన రోజునే ఇచ్చేస్తుంది. మేత మాత్రం రోజూ తింటుంది. పోనీ వదిలించుకుందామా అంటే కట్టు విప్పి తోలెయ్యడానికి వీల్లేదు, సరైన కారణం లేకుండా మధ్యలో కేసు వదిలేయడానికి నియమాలు ఒప్పుకోవు.

కాబట్టి అమ్మలూ, దొడ్లో ఎన్ని గేదెలున్నాయో ముందు తెలియాలి. దీనికొక సూత్రం ఉంది. జాన్ లిటిల్ అని అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసరు, భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి ఇటువైపు వచ్చినవాడు, 1961లో దీన్ని రుజువు చేశాడు. మొన్న 2024లోనే పోయాడు, 96 ఏళ్లు బతికి. ఆయన సూత్రం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒక చోటికి వచ్చేవి వస్తూ, పోయేవి పోతూ నిలకడగా ఉన్నప్పుడు, అక్కడ సగటున ఉండేవి ఎన్ని? వచ్చే వేగాన్ని, ఒక్కొక్కటి అక్కడ గడిపే కాలంతో గుణిస్తే వచ్చేటన్ని. అవి ఏ వరసలో వచ్చాయి, ఏది ముందు పోయింది, ఒక్కొక్కటి ఎంత గజిబిజిగా నడిచింది అన్నదాంతో ఈ సూత్రానికి పనే లేదు. అంత తక్కువ అడిగి అంత గట్టి జవాబు చెప్పే సూత్రాలు గణితంలో కూడా కొన్నే ఉంటాయి.

నీ ఆఫీసుకి వేసి చూద్దాం. నెలకి ఆరు కొత్త కేసులు వస్తున్నాయనుకో. ఒక్కో కేసు సగటున మూడేళ్లు, అంటే 36 నెలలు నడుస్తుందనుకో. నీ బీరువాలో ఉండే ఫైళ్లు ఆరు ముప్పయ్యారులు, 216.

"అన్ని ఫైళ్లా!" అంది. రోజూ సీనియర్ గారి ఆఫీసులో ఫైళ్లు మోసే పిల్ల. ఆ కట్టలు అన్ని ఎందుకుంటాయో ఎప్పుడూ గుణించి చూడలేదు.

ఒక్కో ఫైలుకి నెలకో వాయిదా అనుకుంటే నెలకి 216 వాయిదాలు. కోర్టు రోజులు ఇరవై రెండు వేసుకుంటే రోజుకి దాదాపు పది. ఒక్కో వాయిదాకి ఎంతసేపు? ముందురోజు సాయంత్రం ఫైలు తీసి చూసుకోవడం, పొద్దున్న కాల్ వర్కులో పేరు పిలిచేదాకా కాచుకోవడం, ఒక కోర్టులో నిలబడి ఉండగా ఇంకో కోర్టులో పిలుస్తున్నారని గుమాస్తా పరుగెత్తుకు రావడం, డైరీలో తరవాతి తేదీ వేసుకోవడం, ఏమైంది మేడమ్ అని క్లయింటు చేసే ఫోను. అన్నీ కలిపి ఇరవై నిమిషాలు వేద్దాం, తక్కువే వేశాను. 216 వాయిదాలకి 72 గంటలు. ఇవి మేతకే పోయే గంటలు.

ఇక నిజమైన పని వేరే ఉంది. దావా రాయడం, కౌంటరు రాయడం, చీఫ్ అఫిడవిట్, సాక్షిని క్రాస్ చేయడం, ఆర్గ్యుమెంట్లు. కేసు మొత్తం మీద పన్నెండు గంటలనుకో. నెలకి ఆరు కేసులు వచ్చి ఆరు పోతున్నాయి కాబట్టి ఇంకో 72 గంటలు. రెండూ కలిపి 144. వచ్చేపోయేవాళ్లకి రోజుకి రెండు గంటలు తీసేస్తే ఫైళ్లకి మిగిలేవి రోజుకి ఎనిమిది, నెలకి 176. సరిపోయింది, కాస్త ఊపిరి కూడా తీసుకోవచ్చు.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. కేసులు మూడేళ్లు కాదు, అయిదేళ్లు నడుస్తున్నాయి. మన సివిల్ కోర్టుల్లో అదేమంత వింత కాదు. కొత్తగా వచ్చేవి ఆ ఆరే. బీరువాలో ఫైళ్లు మాత్రం 360. వాయిదాల మేత 120 గంటలు. అసలు పని 72 ఎటూ ఉంది. మొత్తం 192. నీ దగ్గరున్నవి 176.

రాబడి పెరిగిందా? లేదు, నెలకి ఆరు ఫీజులే. అద్దె పెరిగిందా? అదీ లేదు. ఇక్కడ మా మనవరాలు కాసేపు పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుని, కేసుకి ఎంత ఆఫీసు ఖర్చు పడుతుందో వేసి చూసింది. 30,000 ని ఆరు కేసులకి పంచితే కేసుకి అయిదు వేలు. మూడేళ్లయినా అంతే, అయిదేళ్లయినా అంతే.

"తాతయ్యా, డబ్బు లెక్కలో ఏ తేడా లేదేమిటి?"

అదే నేను చూపించాలనుకున్నది. డబ్బు పుస్తకం ఎంత శ్రద్ధగా రాసినా కేసులు ముసలివవుతున్న సంగతి అందులో కనపడదు. గంటల పుస్తకంలోనే కనపడుతుంది. అది ఎవరూ రాయరు. అందుకే పాతికేళ్లు ప్రాక్టీసు చేసిన పెద్దవాళ్లు కూడా, కేసులు బాగానే వస్తున్నాయి, డబ్బూ ఫరవాలేదు, కానీ ఎందుకో తీరిక ఉండటం లేదు అంటూ ఉంటారు.

కుర్రవాళ్లకి ఇందులో ఇంకో మోసం ఉంది. మొదటి ఏడాది చూడు. నెలకి ఆరు చొప్పున పన్నెండు నెలలకి 72 ఫైళ్లే, ఇంకా ఒక్కటీ ముగియలేదు. వాయిదాల మేత నెలకి 24 గంటలే. ఫీజులు మాత్రం మూడో ఏడాదిలో వచ్చినట్టే వస్తున్నాయి. క్రాసులూ ఆర్గ్యుమెంట్లూ ఇంకా దూరంలో ఉన్నాయి. ఇంత తేలికా ప్రాక్టీసంటే అనిపిస్తుంది. ఆ తేలికలో ఫీజు తగ్గించి చెబుతారు. పక్క ఆఫీసువాడు ఇరవై అడిగితే మనం పన్నెండుకే చేద్దాం, నాకు ఖాళీ ఉందిగా అని. ఆ పన్నెండు వేల కేసే మూడో ఏడాది చివర్న, బీరువా నిండి ఉన్న రోజుల్లో, అసలు పనంతా పెట్టుకుని ఎదురుగా నిలబడుతుంది. కొత్త వకీలు ఫీజు చెప్పేటప్పుడు ఆ రోజు తనకెంత ఖాళీ ఉందో చూసుకోకూడదు. మూడేళ్ల తరవాత ఎంత ఉంటుందో ఊహించి చెప్పాలి. ఇది ఏ సీనియరూ జూనియర్‌కి చెప్పగా నేను వినలేదు.

"మరి 176కి 176 గంటలూ నింపేస్తే నష్టమేముంది? ఖాళీగా కూర్చుంటే డబ్బొస్తుందా?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీ నుంచి వచ్చింది. అక్కడ ఎర్లాంగ్ అని ఒక డేనిష్ గణితవేత్త, ఎన్ని లైన్లుంటే ఫోను చేసేవాళ్లు ఎక్కువసేపు కాచుకోకుండా ఉంటారో తేల్చడానికి కూర్చుని, 1909లో ఒక వ్యాసం రాశాడు. బారులు తీరడం అనే సంగతికి ఒక శాస్త్రం అక్కడ మొదలైంది. ఆ దారిలో తరవాతివాళ్లు తేల్చిన ఒక చిన్న లెక్క చెబుతాను. పనులు చెప్పాపెట్టకుండా వస్తుంటాయి, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో కూడా ముందు తెలియదు, చేసేది ఒక్కరే. మనిషి సమయంలో సగం నిండి ఉంటే బల్ల మీద సగటున ఒక పని ఉంటుంది. నూటికి ఎనభై నిండితే నాలుగు. తొంభై నిండితే తొమ్మిది. తొంభై అయిదుకి పంతొమ్మిది. నూటికి నూరు నింపుదామంటే బారుకి చివరన్నదే ఉండదు. ఎనభై నుంచి తొంభై అయిదుకి వెళ్లడంలో నువ్వు అదనంగా చేసిన పని కొంచెమే, కాచుకుంటున్నవి మాత్రం అయిదు రెట్లకి దగ్గరయ్యాయి. అందుకని ఆ ఖాళీ గంటలు వృథా కావు, బల్ల కదలడానికి కట్టే అద్దె. అర్జెంటుగా స్టే పిటిషన్ వేయాలని ఎవరో పరుగెత్తుకొచ్చిన రోజున తెలుస్తుంది వాటి విలువ.

వకీలు ఆఫీసులో దీనికి తోడు ఇంకో గమ్మత్తుంది. టెలిఫోను లైనుకి లేనిది. బల్ల నిండిపోయిన వకీలు ఏం చేస్తాడు? క్రాసుకి తయారవడానికి టైము చిక్కలేదు, కోర్టులో లేచి నిలబడి వాయిదా అడుగుతాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో పదిహేడో ఆర్డరు ఒక పక్షానికి విచారణలో మూడుకి మించి వాయిదాలు ఇవ్వొద్దంటుంది, కానీ ఇస్తారని నీకూ నాకూ తెలుసు. ఆ వాయిదాతో కేసు వయసు ఒక నెల పెరిగింది. వయసు పెరిగితే లిటిల్ గారి సూత్రం ప్రకారం బీరువాలో ఫైళ్లు పెరిగాయి. ఫైళ్లు పెరిగితే వాయిదాలు పెరిగాయి, టైము ఇంకా తగ్గింది. మళ్లీ వాయిదా. తన మేత బరువు తానే పెంచుకుంటున్నాడు. ఆలస్యానికి జడ్జిల ఖాళీలు, ప్రతివాది ఎత్తులు, నోటీసు అందకపోవడం లాంటి కారణాలు చాలా ఉన్నాయి, కాదనను. వకీలు చేతిలో ఉన్న ముక్క ఇదొక్కటే.

ఫీజు ఎలా మాట్లాడుకోవాలన్నది కూడా ఈ లెక్కలోంచే వస్తుంది. మొత్తానికి ఇంత అంటే, డబ్బు అందాక కేసు మీద మనసు పోతుంది. వాయిదాకింత అంటే కేసు నడుస్తున్నన్నాళ్లూ పాలే, ఇక దాన్ని ముగించాలని ఎవరికి తొందర? పైకి అందరికీ ఇదే న్యాయంగా కనిపిస్తుంది, నాకు మాత్రం ఇందులోనే ఎక్కువ ప్రమాదం కనిపిస్తుంది. గెలిస్తే వాటా అనే పద్ధతి అమెరికాలో యాక్సిడెంటు కేసుల్లో బాగా నడుస్తుంది, మామూలుగా మూడో వంతు తీసుకుంటారు. మన దగ్గర బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. ఫలితం మీద ఫీజు పెట్టుకోకూడదు, వచ్చిన డబ్బులో వాటా అడగకూడదు. మిగిలింది దశలవారీ. దావా వేసినప్పుడు ఇంత, ఇష్యూలు ఫ్రేమయ్యాక ఇంత, సాక్ష్యం ముగిశాక ఇంత, ఆర్గ్యుమెంట్లకి ఇంత. మేత తినే కాలంలోనే పాలు కూడా వస్తాయి, పైగా కేసు ముందుకి జరిగితేనే వస్తాయి. నన్నడిగితే మన జిల్లా కోర్టులకి ఇదే నప్పుతుంది. క్లయింట్లు కూడా ఒప్పుకుంటారు, ఒకేసారి పెద్ద మొత్తం తెచ్చే బాధ వాళ్లకీ తప్పుతుంది.

కేసులు ఎక్కువ రప్పించుకోవడం ఎలా అని నువ్వు అడగబోతున్నావు. ఆ మీట నీ చేతిలో పెద్దగా లేదు. మన దేశంలో వకీలు ప్రకటనలు వేసుకోకూడదు, మధ్యవర్తుల్ని పెట్టి కేసులు పట్టకూడదు, బోర్డు కూడా ఒక మోస్తరు సైజులోనే ఉండాలి. 2008 నుంచి వెబ్‌సైటులో పేరు, చిరునామా, చదువు, ఏ రకం కేసులు చూస్తారు లాంటి నాలుగు ముక్కలు పెట్టుకోనిస్తున్నారు. కాబట్టి వచ్చే వేగం మీద నీ అదుపు తక్కువ. కేసు వయసు మీద కాస్త ఎక్కువ.

ఈ సంగతి ఎవరికి బాగా తెలుసంటే మోహన్‌దాస్ గాంధీ అనే బారిస్టరుకి. 1891లో లండన్ నుంచి తిరిగొచ్చి, బొంబాయిలో కాపురం పెట్టాడు. ఖర్చు రోజూ, రాబడి సున్నా. మొదటి కేసు స్మాల్ కాజెస్ కోర్టులో మమీబాయి అనే ఆవిడది, ఫీజు 30 రూపాయలు. మధ్యవర్తికి కమీషనివ్వమంటే ఇవ్వనన్నాడు. తీరా క్రాస్ చేయడానికి లేచి నిలబడితే నోట మాట రాలేదు. తల తిరిగి, ఫీజు వెనక్కిచ్చేసి, ఇంకో వకీలుని పెట్టుకోమని చెప్పి బయటపడ్డాడు. ఆ వకీలుకి 51 రూపాయలు ముట్టాయి. ఆర్నెల్లకే బొంబాయి ఆఫీసు ఎత్తేసి రాజ్‌కోట్ వెళ్లాడు. అక్కడ అర్జీలూ విన్నపాలూ రాసి పెడుతూ నెలకి సగటున 300 సంపాదించాడు. ఆ రోజుల్లో అది మంచి డబ్బే. గాంధీగారు కోర్టులో నోరు విప్పడం నేర్చుకోలేదు ఇంకా, కానీ మేత లేని పని దొరికింది. అర్జీ రాసిచ్చాక అది మళ్లీ వాయిదాకి రాదు.

తరవాత దక్షిణాఫ్రికాలో దాదా అబ్దుల్లా వ్యాజ్యం. 40,000 పౌండ్ల దావా, రెండు వైపులా బంధువులే, వకీళ్ల ఫీజులు రెండు ఇళ్లనీ తినేస్తున్నాయి. గాంధీగారు పట్టుబట్టి మధ్యవర్తి దగ్గర తేల్చేశారు. ఓడినవాళ్లు వాయిదాల మీద కట్టుకునేలా ఒప్పించారు. ఆ తరవాత ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో ఎక్కువ భాగం రాజీలు కుదర్చడంలోనే గడిచిందని, దానివల్ల డబ్బు విషయంలో కూడా నష్టపోలేదని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. చదివినవాళ్లు అది ఆయన మంచితనం అనుకుంటారు. మంచితనం ఉండొచ్చు, లెక్క కూడా సరిగ్గానే ఉంది. మూడేళ్లు నడిచే కేసు ఆరు నెలల్లో రాజీ అయితే ముప్పై నెలల మేత మిగిలింది. ఒక్కో వాయిదా ఇరవై నిమిషాల చొప్పున పది గంటలు. ఆ పది గంటలకి ఇంకో కేసులో అసలు పని దాదాపు అయిపోతుంది. ఇప్పుడు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కోర్టు ఫీజు కూడా వెనక్కొస్తుంది, అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి ఆ ఫైలు మళ్లీ తెరుచుకోదు. రాజీకి కూడా ఫీజు తీసుకోవాలి సుమా! దశలవారీ మాట్లాడుకునేటప్పుడే, రాజీ అయితే ఇంత అని చెప్పి పెట్టుకోవాలి. లేకపోతే కేసు త్వరగా ముగించిన పాపానికి నీకే జరిమానా పడుతుంది.

"జూనియర్‌ని పెట్టుకుంటే వాయిదాలన్నీ వాళ్లే చూసుకుంటారు కదా" అంది మనవరాలు. తానే ఇంకా జూనియర్, అప్పుడే జూనియర్ కావాలి!

సరే వేద్దాం. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సలహా ఇచ్చింది, పట్నాల్లో జూనియర్‌కి నెలకి కనీసం 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇమ్మని. తప్పనిసరి కాదు, సలహానే. చాలా ఆఫీసుల్లో ఎంతిస్తారో నీకు తెలుసు, నాకు చెప్పక్కర్లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్లకి నెలకి 5,000 ప్రభుత్వమే ఇచ్చే పథకం పెట్టిందంటే సీనియర్లు ఏమిస్తున్నారో తెలుస్తూనే ఉంది. మనం 15,000 అనుకుందాం. జూనియర్ 72 గంటల మేత పని ఎత్తుకుంటే గంటకి 208 రూపాయలు పడింది. నీ గంట విలువెంత? కేసుకి 20,000 చొప్పున ఆరు కేసులకి లక్షా ఇరవై వేలు, 30,000 ఖర్చు తీసేస్తే 90,000. దాన్ని నీ 144 గంటలకి పంచితే 625. అంటే 208కి కొని 625కి అమ్ముకోవచ్చు.

"అయితే వెంటనే పెట్టుకోవాలి!"

ఆగు. అమ్ముడుపోతేనే 625. ఖాళీ అయిన గంటల్లో కొత్త కేసు రాకపోతే, పాత కేసుల క్రాసులు తయారు చేసుకుని వాటిని త్వరగా ముగించకపోతే, ఆ 15,000 దండగ. నీ ఆఫీసులో 72 ఫైళ్లున్న మొదటి ఏడాది జూనియర్ అక్కర్లేదు. 200 దాటాక అవసరం వస్తుంది. గుమాస్తా మాత్రం మొదటి రోజు నుంచీ కావాలి. కాపీ అప్లికేషన్ వేయడం, ప్రాసెస్ కట్టడం, బెంచి క్లర్కుని అడిగి తేదీ తెలుసుకోవడం లాంటి పనులకి అతను నీకంటే తక్కువ ఖర్చులో ఎక్కువ పని చేస్తాడు. అలాంటి పాత గుమాస్తా దొరికితే 12,000 కాదు, 15,000 అయినా ఇచ్చి పెట్టుకో.

పుస్తకాలు రెండు కొనుక్కో. ఒకటి డబ్బుకి. క్లయింటు ఇచ్చిన ప్రతి రూపాయి ఫీజు కిందా, ఖర్చుల కిందా అన్నది తేదీతో రాయాలి. ఇది నా మాట కాదు, బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. కోర్టు ఫీజు కోసం, కమిషనర్ ఖర్చు కోసం ఇచ్చిన డబ్బుని, కేసు నడుస్తుండగా క్లయింటు రాసివ్వకుండా నీ ఫీజులోకి మళ్లించుకోకూడదు. రెండోది గంటలకి. ఆరు నిమిషాల చీటీలు నీకొద్దు. కేసు నంబరు, వచ్చిన తేదీ, వాయిదాల సంఖ్య, ఎవరు అడిగితే పడిన వాయిదా, ముగిసిన తేదీ. ఈ అయిదు గడులు చాలు.

"ఎవరడిగితే పడిందో కూడానా?"

"అదే ముఖ్యం. మీ సీనియర్ గారి పాత డైరీలు బీరువాలో ఉన్నాయన్నావుగా. వేసవి సెలవుల్లో ముగిసిన కేసులు ఒక యాభై తీసి ఆ గడులు నింపు. ఆయన్ని అడిగే తియ్యి. నేను వేసిన 36 నెలలు, ఇరవై నిమిషాలు అన్నీ ఊహలే. మీ కోర్టులో ప్రోనోటు దావాకి ఎంత, పార్టిషన్ దావాకి ఎంత, చెక్కు కేసుకి ఎంత అన్నది అందులోంచే తేలుతుంది. పార్టిషన్‌కి పదేళ్లని తేలితే దాని ఫీజు చెక్కు కేసు ఫీజుకి ఎన్ని రెట్లుండాలో నువ్వే వేసి చూపించు."


"ఈ.పీ.లు కూడా కలపనా?" అంది. డిక్రీ వచ్చాక అమలు కోసం వేసే పిటిషన్లు. నేను వాటి సంగతే మరిచిపోయాను. డిక్రీతో కేసు ముగిసిందనుకుని లెక్క వేశాను, కానీ డబ్బు రాబట్టడానికి మళ్లీ ఏళ్లు పడుతుందట.

"కలుపు, కానీ విడి గడిలో. వాటికి ఫీజు విడిగా తీసుకుంటారా, లేక పాత ఫీజులోనే లాగించేస్తారా?"

"చాలావరకు పాత ఫీజులోనే, తాతయ్యా."

"అయితే మూడేళ్లు కాదు, ముందా అంకె మార్చు" అని కాగితం మళ్లీ తన వైపే జరిపాను.